తెలియకుండా అయిపోతుంది

"ఆ దుప్పటి అక్కడ పడెయ్యమ్మా, నేనుతుకుతాలే," అనేది మా అత్తయ్య.

పెళ్ళయిన కొత్తలో ఆ మాటకి నేను పొంగిపోయాను. ఇంట్లో గిన్నెలు నావి, సగం వంట నాది, ఊడ్చి తుడవడం నాది, మామయ్య చొక్కాల ఇస్త్రీ నాది. ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పేలోపే ఏదో ఒక పని నా పేరు పెట్టి పిలిచేది. అలాంటి ఇంట్లో మా మంచం మీది దుప్పటి మాత్రం నన్ను ముట్టుకోనిచ్చేది కాదావిడ. కోడలి మీద ఎంత ప్రేమో అని మా అమ్మకి ఫోన్ చేసి మరీ చెప్పుకున్నాను. ఒకరోజు పొద్దున టవల్ ఆరేద్దామని బాల్కనీలోకి వెళ్తే, ఆవిడ ఆ దుప్పటిని రెండు చేతులా వెలుతురుకి ఎత్తి పట్టుకుని, ఈ కొస నుంచి ఆ కొస దాకా, సూదిలో దారం ఎక్కించేటప్పుడు ఉండేంత శ్రద్ధతో చూస్తోంది. నన్ను చూసి గబగబా బకెట్లో కుక్కేసింది. "చిరుగేమైనా ఉందేమోనని" అంది. చిరుగు లేదు. ఆవిడ నిజంగా వెతుకుతున్న మరకా లేదు. ఆ రోజు నుంచి మంచం మీద పడుకున్నా ఎవరో వెలుతురుకి ఎత్తి పట్టుకుని నన్ను చూస్తున్నట్టే ఉండేది.

మాకు పెళ్ళయి అప్పటికి రెండు నెలలు దాటింది. మా ఇద్దరి మధ్యా జరగాల్సింది జరగలేదు. ఇంతకంటే మంచి మాట నా దగ్గర లేదు, ఎందుకంటే ఆ విషయానికి నేను పుట్టి పెరిగిన ఇంట్లోనూ మాటల్లేవు, మెట్టిన ఇంట్లోనూ లేవు. "అది" అనేవాళ్ళు. "ఆ సంగతి" అనేవాళ్ళు. మేము ప్రయత్నించలేదని కాదు. ఆయన దగ్గరికి వచ్చినప్పుడు మొదట బాగానే ఉండేది. జుట్టులో వేళ్ళు పోనిస్తే బాగుండేది. మెడ మీద ఆయన ఊపిరి తగిలితే బాగుండేది. ఆ తర్వాత ఒక క్షణం వచ్చేది. అక్కడ నా ఒళ్ళు నన్నడక్కుండా తన నిర్ణయం తను తీసేసుకునేది. తొడలు బిగుసుకుపోయేవి. నడుము పైకి లేచిపోయేది. లోపలెక్కడో అడ్డంగా గోడ లేచినట్టు ఉండేది. వదులు చెయ్యాలని నేను చూడకపోలేదు. చెయ్యి నా మాట వింటుంది, కాలు వింటుంది, కావాలంటే ఊపిరి కూడా కాసేపు వింటుంది. అది మాత్రం వినేది కాదు. అయినా ఆయన ఆగకపోతే కత్తితో కోసినట్టు నొప్పి. అరుపు గొంతు దాకా వచ్చేది. సన్నటి గోడకి అవతల మామయ్య దగ్గేవారు, అత్తయ్య పక్కకి ఒత్తిగిలితే మంచం కిర్రుమనేది. నేను పిడికిలి నోట్లో పెట్టుకునేదాన్ని.

పెళ్ళికి ముందు మా అమ్మ నాకు చెప్పింది ఒకే ఒక్క మాట. చీరలు మడతపెడుతూ, నా మొహంలోకి చూడకుండా చెప్పింది. "ఏం జరిగినా నోరెత్తకు. పక్కగదిలో మనుషులుంటారు." ఏం జరుగుతుందో మాత్రం చెప్పలేదు. ఏం జరుగుతుందో నాకు నేనే ఒక ఊహ కట్టుకున్నాను, అదీ ఇప్పటిది కాదు. స్కూల్లో చదువుకునే రోజుల్లో మా పెద్దమ్మ కూతురికి పెళ్ళయింది. పెళ్ళయిన మర్నాడు పొద్దున ఆ అక్కని ఇద్దరు ఆడవాళ్ళు చెరో రెక్కా పట్టుకుని ఆటో ఎక్కించారు. ఆసుపత్రికి. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. అక్క మొహం సున్నం కొట్టిన గోడలా ఉంది. ఒకావిడ చేతిలో మడత పెట్టిన తువ్వాలుంది, ఆవిడ దాన్ని కొంగు కింద దాచుకుంటోంది. "ఏమైంది?" అంటే "ఏం లేదు, కళ్ళు తిరిగాయి, లోపలికి పో" అన్నారు. వంటింట్లో ఎవరో కిసుక్కున నవ్వారు. "పెళ్ళికొడుకు మంచి తొందర్లో ఉన్నట్టున్నాడు!" అని ఇంకొకావిడ అంటే అందరూ నవ్వారు. ఆ నవ్వు నాకు తువ్వాలు కంటే ఎక్కువ గుర్తుంది. అక్క వారం రోజులకి తిరిగొచ్చి మామూలుగానే తిరిగింది. ఎవరూ ఆమెని ఏమీ అడగలేదు. నేనూ అడగలేదు.

మా ఆయన చెడ్డవాడు కాడు. ఇది ఆయన్ని వెనకేసుకు రావడానికి చెప్పడం లేదు, జరిగింది జరిగినట్టు చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. ప్రింటింగ్ ప్రెస్‌లో మెషిన్ ఆపరేటర్. గోళ్ళ సందుల్లో ఎప్పుడూ నీలం సిరా. పొద్దున్నే కూరగాయలు తరిగిపెట్టేవాడు, తరుగుతూ ఏవో కూనిరాగాలు తీసేవాడు. నా చెప్పు తెగితే నాకు చెప్పకుండా తీసుకెళ్ళి కుట్టించుకొచ్చాడు. పగటి పూట ఆయన పక్కన కూర్చోవడమంటే నాకిష్టంగా ఉండేది. భయం సాయంత్రం మొదలయ్యేది. వీధి దీపాలు వెలిగే వేళకి పొట్టలో ఏదో ముడి పడేది. అన్నాలయ్యాక ఆయన ఒకసారి గోడ గడియారం కేసి చూసేవాడు, ఆ చూపుతో ముడి బిగిసేది. నేను గిన్నెలు తోమిందే తోమేదాన్ని. స్టవ్ తుడిచిందే తుడిచేదాన్ని. "మా కోడలికి శుభ్రం ఎక్కువ" అని అత్తయ్య పక్కింటావిడతో చెప్పుకునేది.

మొదట్లో "ఫర్వాలేదులే, నెమ్మదిగా" అనేవాడు. ప్రెస్‌లో ఆయన స్నేహితులు రోజూ పొద్దున "ఏరా పెళ్ళికొడకా, కళ్ళు ఎర్రగా ఉన్నాయే, నిద్ర లేదా?" అని పలకరించేవాళ్ళట. నవ్వుతూనే చెప్పాడు ఆ మాట, నవ్వు సగంలో ఆగిపోయింది. తర్వాత్తర్వాత "నెమ్మదిగా" అనడం మానేశాడు. ఒకరోజు చొక్కా గుండీలు పెట్టుకుంటూ అద్దంలోకి చూసి అడిగాడు, "నీకు నేనంటే అసహ్యమా? ఉంటే చెప్పు."

"అయ్యో, అదేం లేదండీ."

"మరి ఇంకెవరైనా ఉన్నారా మనసులో?"

నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. నా మనసులో ఆసుపత్రికి వెళ్ళే ఆటో ఉందని, కొంగు కింద దాచిన తువ్వాలుందని ఎలా చెప్పను? అసలు ఆ రెంటికీ దీనికీ సంబంధం ఉందని నాకే అప్పటికి తెలియదు. నేను చెడిపోయిన వస్తువునని, పెళ్ళి చేసి అంటగట్టేశారని, ఎప్పుడో ఒకరోజు తిరిగి పంపించేస్తారని మాత్రమే అనుకునేదాన్ని. ఒక్కోసారి పళ్ళు బిగబట్టి, ఈ రోజు చచ్చినా సరే అనుకుని, కళ్ళు మూసుకుని పడుకునేదాన్ని. సరిగ్గా అలాంటి రోజుల్లో ఆయనే ఉన్నట్టుండి అటు తిరిగిపోయేవాడు. "ప్రెస్‌లో పని ఎక్కువైంది, ఒళ్ళు నొప్పులు" అనేవాడు. నా మొహం చూసి విసుగు పుట్టిందేమో అనుకునేదాన్ని. అదీ నా తప్పే, ఆ లెక్కన.

నేను పనిచేసేది లిఫ్టుల కంపెనీలో. ఊళ్ళో ఎక్కడ లిఫ్ట్ ఆగిపోయి మనుషులు ఇరుక్కున్నా ఆ ఫోన్ మా గదికి వస్తుంది. మెకానిక్ వెళ్ళే దాకా వాళ్ళతో మాట్లాడుతూ ఉండటం మా పని. "గాలి ఆడుతుందండీ, ఏం కాదు. కింద కూర్చోండి. మీ పక్కన ఇంకెవరున్నారు?" పొద్దస్తమానం ఇదే. నా పక్క సీట్లో ఒకావిడ ఉంది, నాకంటే చాలా పెద్దది, అందరం అక్కా అనే పిలుస్తాం. నోరు మంచిది కాదని పేరు. "మగవాళ్ళు ఇరుక్కుంటే చూడు, అడక్కుండానే నాకేం భయం లేదు అంటారు. అలా అన్నవాడికే ముందు నీళ్ళ సీసా పంపించాలి," అనేది. నేను నవ్వేదాన్ని. ఎవరెవరి భయాన్నో పోగొట్టి, సాయంత్రం నా భయం నేను మోసుకుంటూ ఇంటికి పోయేదాన్ని.

ఒక ఆదివారం మధ్యాహ్నం వదిన వచ్చింది. వదినంటే మా ఆయన అక్క. మంచి మాటకారి, ఇంట్లో అడుగు పెడితే నవ్వులు. ఆ రోజు వస్తూనే నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళి తలుపు దగ్గరగా వేసింది. నేను గిన్నెలు తుడుస్తున్నాను. ఆవిడ స్టూలు మీద కూర్చుని, "ఏమే, మా తమ్ముణ్ణి ఉపవాసాలు ఉంచుతున్నావట?" అంది.

చేతిలో గిన్నె జారింది. పగిలేది కాదు కాబట్టి పగల్లేదు, మోత మాత్రం ఇల్లంతా వినిపించింది. ముందుగదిలో మాటలు ఆగాయి. అంటే ఆయన చెప్పాడు. మా గదిలో మాట ఆ గది దాటింది. అత్తయ్యకి తెలుసు, బహుశా మామయ్యకీ తెలుసు.

"భయమేనా? నాకు మాత్రం భయం వేయలేదా? మొదటి వారం ఏడ్చాను. తర్వాత ఏడవడానికి తీరికేదీ, పిల్లలు పుట్టుకొచ్చారు." గలగలా నవ్వింది. తర్వాత గొంతు తగ్గించి, బ్యాగులోంచి చిన్న టాబ్లెట్ల అట్ట తీసి నా తడి చేతిలో పెట్టింది. "ఇది వేసుకో. నిద్రమత్తుగా ఉంటుంది. ఒళ్ళు తేలిపోతుంది. తెలియకుండా అయిపోతుంది. పొద్దున లేచేసరికి అంతా మామూలే. మొదటిసారి గడిస్తే ఆ తర్వాత అదే అలవాటవుతుంది."

"ఆయనకి తెలుసా వదినా?"

"వాడే అడిగాడు, ఏదైనా దారి చూడక్కా అని. మాత్రల సంగతి మగాడితో ఎందుకు, నువ్వు వేసుకో చాలు." నా గడ్డం పట్టుకుంది, చిన్నపిల్లని బుజ్జగించినట్టు. ఆవిడ కళ్ళల్లో కపటం లేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. నిజంగా నాకు సాయం చేస్తున్నాననే అనుకుంటోంది.

ఆ అట్టని బాత్రూంలో పారేసి నీళ్ళు కొట్టాను. నీళ్ళు కొట్టినా ఆ మాట పోలేదు. తెలియకుండా అయిపోతుంది. ఎవరికి తెలియకుండా? నాకే కదా. ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది, దుప్పటికి తెలుస్తుంది, నాకొక్కదానికే తెలియదు. నా ఒళ్ళు నా మాట వినడం లేదని ఇన్నాళ్ళూ దాన్ని తిట్టుకున్నాను. ఆ పూట మొట్టమొదటిసారి అది నన్ను కాపలా కాస్తోందేమో అనిపించింది.

ఆ మర్నాడు వదిన ఫోన్ చేసి "వేసుకున్నావా?" అంది. "పారేశాను వదినా" అన్నాను. "నీ ఇష్టం తల్లీ" అని పెట్టేసింది. ఆ సాయంత్రం నుంచి అత్తయ్య నాకు పాలు ఇవ్వడం మొదలుపెట్టింది. అన్నాలయ్యాక గోరువెచ్చని పాలు, గ్లాసు నిండా, చక్కెర వేసి. "చిక్కిపోయావమ్మా, తాగు" అనేది. ఇంత వరకూ నేను తిన్నానో లేదో అడగని మనిషి, గ్లాసు చేతికిచ్చి నేను తాగే దాకా నిలబడేది. మొదటి రోజు ఒక గుక్క తాగాను. ఏం కాలేదు. రెండో రోజు గుక్క నోట్లో పెట్టుకుని, ఆవిడ అటు తిరగ్గానే సింకులో ఉమ్మేశాను. మూడో రోజు నుంచి "చల్లారాక తాగుతాను అత్తయ్యా" అని వంటింట్లోకి తీసుకెళ్ళి పారబోయడం మొదలెట్టాను. పారబోస్తుంటే సిగ్గేసేది. పెద్దావిడ ప్రేమగా ఇచ్చిన పాలు. నా బుద్ధే వక్రించింది, ఆఫీసులో రోజంతా భయపడే వాళ్ళతో మాట్లాడి మాట్లాడి ఇంట్లో కూడా భయాలు పుట్టిస్తున్నాను అనుకునేదాన్ని. అయినా మంచినీళ్ళు కూడా నా చేత్తో కుళాయి దగ్గర పట్టుకుంటేనే తాగేదాన్ని. అన్నం అందరూ కలుపుకున్నాకే నేను కలుపుకునేదాన్ని. ఆయన గ్లాసు కేసి, నా కేసి చూసి తల తిప్పుకునేవాడు. ఆ తల తిప్పుకోవడం ఏమిటో నాకు అర్థం కాలేదు. అర్థం కాలేదని అనుకున్నాను.

అలా కొన్నాళ్ళు గడిచాక ఒక సాయంత్రం గ్లాసు పట్టుకుని సింకు దగ్గర నిలబడి ఉండగా మామయ్య మంచినీళ్ళకి వంటింట్లోకి వచ్చారు. ఆయన తక్కువ మాట్లాడే మనిషి. రిటైరయ్యాక రేడియోనే ఆయనకి లోకం. పొద్దున అందరికంటే ముందు లేచి వార్తలు పెడతారు, ఆ వార్తలతోనే ఇల్లు నిద్ర లేస్తుంది.

"పాలు పారబోస్తున్నావా తల్లీ?"

"కడుపు నిండిపోయింది మామయ్యా."

"నిక్షేపంలాంటి పాలు. ఇలా ఇవ్వు."

వద్దు మామయ్యా అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఎందుకు వద్దని అడిగితే ఏం చెప్పాలి? మీ ఆవిడ ఇందులో ఏదో కలుపుతోందని నా అనుమానం అని చెప్పాలా? ఇచ్చేశాను. ఆయన నిలబడే తాగేసి, మూతి తుడుచుకుని, "ఇంత బాగుంటే వద్దంటావేంటి" అని నవ్వి వెళ్ళిపోయారు. మంచం ఎక్కాక ఆయన ఒకసారి నా మొహంలోకి తొంగి చూసి, నా కళ్ళు తెరిచే ఉండటం చూసి అటు తిరిగి పడుకున్నాడు. నా చెవులు గోడకే ఉన్నాయి. రోజూ నా ప్రాణాలు తోడేసే ఆ దగ్గు కోసం ఎదురుచూశాను. రాలేదు.

పొద్దున రేడియో మోగలేదు.

నేను ముందుగదిలోకి వెళ్ళేసరికి వెలుగు బాగా వచ్చేసింది. మామయ్య నోరు తెరుచుకుని పడుకుని ఉన్నారు, ఒక చెయ్యి మంచం బయట వేలాడుతోంది. అత్తయ్య ఆయన భుజం పట్టుకుని ఊపుతోంది. "ఏమండీ, ఏమండోయ్." ఆయన మూలిగారు. కళ్ళు సగం తెరిచి, నాలుక మడతపడి ఏదో అని మళ్ళీ మూసేశారు.

"వీధి చివర డాక్టర్ని పిలుచుకొస్తాను," అన్నాను.

"వద్దు వద్దు. ఆయనే లేస్తారు." ఆవిడ నా కేసి చూడలేదు.

"ఇలా ఎప్పుడైనా పడుకున్నారా? ఏమైందో ఏమో. మీకెలా తెలుసు లేస్తారని?"

అప్పుడు చూసింది. అత్తయ్య మొహంలో భయం చూడటం నాకదే మొదలు.

"రాత్రి పాలు నువ్వు తాగలేదా?"

గుమ్మంలో మా ఆయన నిలబడి ఉన్నాడు, చేతిలో పళ్ళ బ్రష్షు. ఆయన ఏ పాలు అని అడగలేదు. ఏమైంది నాన్నకి అని అడగలేదు. నేల కేసి చూస్తున్నాడు. నేను చెప్పులేసుకుని ఒక్క పరుగున వెళ్ళి డాక్టర్ని తీసుకొచ్చాను. ఆయన నాడి చూసి, కళ్ళల్లో టార్చి వేసి చూసి, "ఏం మందు వేసుకున్నారు?" అన్నాడు. "నిద్రమాత్ర. పొరపాటున," అంది అత్తయ్య. "పెద్ద వయసు వాళ్ళండీ, ఇంకాస్త ఎక్కువైతే ఊపిరి ఆగేది. జాగ్రత్త," అని మళ్ళీ మళ్ళీ చెప్పి వెళ్ళాడు. పొరపాటున. నిజమే, పొరపాటు ఎక్కడంటే ఆ మందు వేరే మనిషి కడుపులోకి పోయింది, అంతే. నా కడుపులోకి పోయి ఉంటే దానికి ఆ పేరు ఉండేది కాదు.

మామయ్య లేచి కూర్చుని నీళ్ళు తాగే దాకా ఉన్నాను. తర్వాత బ్యాగు తీసుకుని ఆఫీసుకి బయల్దేరాను. బస్టాపు దగ్గర వెనక నుంచి అడుగుల చప్పుడు. ఆయన. రెండు గుండీలు పెట్టుకోకుండానే వచ్చేశాడు.

"నీతో మాట్లాడాలి."

"మీకు ముందే తెలుసా?"

బెంచీ మీద కూర్చున్నాడు. నేను కూర్చోలేదు. "అమ్మ చెప్పింది. మాత్రలు అక్క ఇచ్చిందట. ముందు నీకు పాలు అలవాటవ్వాలని ఇన్నాళ్ళూ కలపలేదు, నిజం. నిన్నే మొదటిసారి."

"చెబితే మీరేమన్నారు?"

"ఏమీ అనలేదు."

"వద్దని కూడా అనలేదా?"

తల అడ్డంగా ఊపాడు. పక్కన ఇద్దరు ఆడపిల్లలు పుస్తకాలు పట్టుకుని నిలబడి ఉన్నారు, వాళ్ళకి వినబడకుండా చాలా తక్కువ గొంతుతో మాట్లాడాడు. "నీకొక్కదానికే అనుకుంటున్నావు. నాకూ కావడం లేదు. నువ్వు కళ్ళు మూసుకుని పడుకున్న రోజుల్లో అటు తిరిగిపోయేవాణ్ణి కదా, ఒళ్ళు నొప్పులు కాదు. నువ్వు అలా బిగుసుకుని ఉంటే నన్ను చూసి హడలిపోతున్నావనిపిస్తుంది. దాంతో నా ఒళ్ళు చల్లబడిపోతుంది. పొద్దున్నే ప్రెస్‌లో వాళ్ళ మొహాలు గుర్తొస్తాయి. నేను మగాణ్ణేనా అనిపిస్తుంది. అక్కతో ఆ మాట చెప్పలేక... నీదే లోపమని చెప్పాను." బొటనవేలి గోటిలో సిరాని గీక్కున్నాడు. "నువ్వు నిద్రలో ఉంటే నన్ను చూడవు కదా. నేను ఓడిపోయినా ఎవరికీ తెలియదు కదా. అనిపించింది. అంతే."

నాకు జాలేసింది. అబద్ధమెందుకు, ఆ నీలం సిరా గోళ్ళు చూస్తుంటే గుండె కరిగినట్టయింది. ఇన్నాళ్ళూ ఒకే మంచం మీద, ఒకే దుప్పటి కింద, ఇద్దరం చెరో చివర వణుకుతూ పడుకున్నామన్న మాట. ఒక్క రోజు, ఒక్క మాట, "నాకూ భయమే" అని ఉంటే ఎంత బాగుండేది. ఆ జాలి వెనకాలే ఒళ్ళంతా చలి పాకింది. ఆయన భయం పోవడానికి నా స్పృహ పోవాలి. ఆయన ఓటమి కనబడకుండా ఉండటానికి నా కళ్ళు మూయించాలి. నా భయం ఎవరికీ హాని చెయ్యలేదు, నన్ను తప్ప. ఆయన భయం నా గ్లాసు దాకా వచ్చింది.

"మీరు భయపడటం తప్పు కాదు," అన్నాను. ఆఫీసులో ఫోన్‌లో మాట్లాడే గొంతే వచ్చింది నాకు. "నన్ను నిద్రపుచ్చాలనుకున్నారు చూడండి, అది నేను మర్చిపోలేను."

బస్సొచ్చింది. ఎక్కాను. ఆయన బెంచీ మీదే ఉండిపోయాడు.

ఆ రోజు టీ వేళకి పక్క సీటు అక్కకి అంతా చెప్పేశాను. ఆవిడ అంతా విని, "రాత్రికి మా ఇంటికి రా. నాకు రెండు గదులున్నాయి, ఒక పిల్లి ఉంది. పిల్లి పాలు ఎవరికీ ఇవ్వదు," అంది. అప్పుడు ఏడ్చాను. పిడికిలి అడ్డం పెట్టుకోకుండా, ఎవరు వింటారో అనుకోకుండా ఏడ్చాను. "నీకు రోగం కాదే ఇది. నా చెల్లెలికీ ఇలాగే అయింది. ఆడ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాను. ఒళ్ళు భయపడి మూసుకుంటుంది, భయం తీరితే అదే సర్దుకుంటుంది, దానికి పద్ధతులున్నాయట," అంది.

అక్క ఇంట్లో మొదటి రోజు నేను కుళాయి దగ్గరికి వెళ్ళకుండా ఆవిడిచ్చిన నీళ్ళు తాగలేకపోయాను. ఆవిడ గమనించి, మర్నాటి నుంచి ఖాళీ గ్లాసు నా ముందు పెట్టేది.

వదిన ఫోన్ చేసి తిట్టింది, "మా అమ్మ నీ మంచికి చేస్తే ఇల్లు వదిలిపోతావా?" అంది. అత్తయ్య చెయ్యలేదు. మామయ్య ఒకసారి చేశారు. "నాకు ఇప్పుడే చెప్పారమ్మా," అని పెట్టేశారు. మా అమ్మ రోజూ చేసేది. "ఇంత మాత్రానికే కాపురం వదులుకుంటారా?" అని మొదటి రోజు. "నలుగురికీ ఏం చెప్పాలి?" అని మర్నాడు. మూడోసారి నేనే అందుకున్నాను. "అమ్మా, ఏం జరుగుతుందో నాకు ఎందుకు చెప్పలేదు? నోరెత్తకు అన్నావు, అంతేనా చెప్పడానికి ఉన్నది?"

అమ్మ, నా చిన్నప్పుడు జ్వరం వస్తే నుదురు మీద చెయ్యి వేసి మాట్లాడే గొంతుతో అడిగింది.

"బాగా నొప్పెట్టిందా?"

"ఊఁ."

"నాకూ ఎవరూ చెప్పలేదే," అంది. అంతే. ఆ తర్వాత కాపురం మాట ఎత్తలేదు.

డాక్టరు దగ్గరికి వెళ్ళే ముందు రోజు ఆయన ఆఫీసుకి ఫోన్ చేశాడు. అమ్మతో పెద్ద గొడవైందని, తను విడిగా గది చూసుకున్నానని చెప్పాడు. "డాక్టరు దగ్గరికి వెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. నేను కూడా చూపించుకోవాలనుకుంటున్నాను. రేపు నేనూ రావచ్చా?" అన్నాడు. "బయట కూర్చుంటానంటే రండి," అన్నాను.

క్లినిక్‌లో పొడుగాటి బెంచీ మీద అక్క ఒక చివర, ఆయన ఇంకో చివర కూర్చున్నారు. నన్ను లోపలికి పిలిచారు. లేడీ డాక్టరు వయసు మా అమ్మంత ఉంటుంది. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని, నేను బ్యాగుని ఒళ్ళో అదిమి పట్టుకోవడం చూసి, "ఇవాళ నిన్ను ముట్టుకోను. మాట్లాడుకుందాం, అంతే," అంది. పెద్దమ్మ కూతురి సంగతి దగ్గర మొదలుపెట్టి, ఆటో, తువ్వాలు, పిడికిలి, గోడ, మాత్రలు, పాలు అన్నీ చెప్పాను. ఇలాంటివాళ్ళు వారానికి ఎందరో వస్తారని, ఇద్దరిలో ఎవరి ఒంట్లోనూ పెద్ద లోపం లేకుండానే భయం, తెలియకపోవడం, పక్కగది, తొందర ఇవన్నీ కలిసి ఇలా చేస్తాయని ఆవిడ చెప్పింది. నా ఒంటిని నేనే నెమ్మదిగా తెలుసుకునే అభ్యాసాలున్నాయని, వాటికి నెలలు పట్టవచ్చని, అప్పటి దాకా ఆ ప్రయత్నమే వద్దని చెప్పింది. అభ్యాసాలు ఎవరి కోసమూ కాదు, నాకు కావాలనుంటేనే చెయ్యాలంది. "కావాలని ఉందా?" అనడిగింది. ఈ మాట అప్పటి దాకా నన్ను ఎవరూ అడగలేదు. నన్ను నేను కూడా అడగలేదు. తెలియదన్నాను. "తెలియదనేది కూడా మంచి జవాబే," అందావిడ.

నర్సు తలుపు కొంచెం తెరిచి డాక్టరు చెవిలో ఏదో చెప్పింది. డాక్టరు నా కేసి తిరిగింది.

"మీ ఆయన బయట ఉన్నారట, మాట్లాడతానంటున్నారట. లోపలికి రమ్మనమంటావా?"

తలుపు సందులోంచి ఆయన చొక్కా అంచు కనబడుతోంది. నా పొట్టలో ముడి ఉందేమోనని చూసుకున్నాను. ఉంది, కాని నేను మాట్లాడలేనంతగా లేదు.

"వద్దండీ," అన్నాను. "ఎప్పుడు రమ్మనాలో నేను చెబుతాను."